గుండెకు రక్తపు కరవు

ఆరోగ్య ప్రసంగములు ప్రసారమైన వారములో మా కార్యాలయమునకు వచ్చు జాబులలో ఒక ప్రశ్న ఎన్నడును తప్పదు. ఎదలో నొప్పి వచ్చినప్పుడు అది గుండెదో, వాయువుదో తెలిసికొనుట ఎట్లు? కొందరు శ్రోతలు కార్డుమీద రెండు వాక్యములలో ఈ మాట అడుగుదురు. మరికొందరు తమ ఇంట జరిగినదంతయు నాలుగు పుటలు వ్రాసి, "ముందే తెలిసియుండిన బ్రతికియుండెడివారు కదా" అని ముగింతురు. ఆ చివరి వాక్యమునకు జవాబు వ్రాయుట మాకు చేతకాదు. మేము వైద్యులము కాము. వైద్యులచేత మాటలాడించువారము, వారు చెప్పినదానిని పదిమందికి తెలియు మాటలలోనికి మార్చువారము. ఐనను ఇన్ని ఏండ్లుగా వారి ఎదుట మైకు పెట్టి విన్నదియు, వారి గ్రంథములలో చదివినదియు, ఒకనాడు మా కన్నులయెదుట జరిగినదియు కలిపి ఈ ప్రశ్నకు ఒకచోట సమాధానము చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

గుండె మన పిడికిలి అంతటి కండరము. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. మనము ఊరక కూర్చున్నప్పుడు సైతము అది నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపుచుండును. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. దాని గదులు ఎల్లవేళల రక్తముతో నిండియే యుండును. ఐనను ఆ రక్తమునుండి తనకు కావలసిన ప్రాణవాయువును అది నేరుగా పుచ్చుకొనజాలదు. ఊరందరికి కావిడితో నీళ్ళు మోయువాడు తన దాహము తీరుటకు ఇంటికి పోయి చెంబెత్తవలసినట్లు, గుండెకు దాని ఆహారము వేరొక దారిని రావలెను. గుండెనుండి బయలుదేరు మహాధమని మొదట, కవాటమునకు కొంచెము పైన, రెండు చిన్న ధమనులు పుట్టును. కిరీటమువలె గుండెను చుట్టియుండుటచే వానికి కొరొనరీ ధమనులని పేరు. ఎడమది పుట్టిన కొలది దూరములోనే రెండుగా చీలును. మొదట వీని వెడల్పు 3 నుండి 5 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్సిలు కంటెను సన్నని ఈ గొట్టములమీదనే మన బ్రతుకంతయు ఆధారపడియున్నది.

ఈ కాలువలకు రెండు విచిత్ర గుణములు గలవు. శరీరములోని తక్కిన కండరములకు గుండె ముడుచుకొన్నప్పుడు రక్తము ఉరుకును. గుండెకండరమునకు మాత్రము, అది ముడుచుకొన్నప్పుడు లోపలి నాళములు నలిగిపోవును గనుక, రెండు స్పందనల నడుమ వచ్చు విశ్రాంతి క్షణములోనే ఎక్కువ రక్తము లభించును. గుండె వేగము హెచ్చినకొలది ఆ విశ్రాంతి తగ్గును. అనగా పని పెరిగినప్పుడే భోజనవేళ కుదించుకొనిపోవునన్నమాట. ఇక రెండవది. విశ్రాంతి సమయమున తక్కిన శరీరము రక్తములోని ప్రాణవాయువులో సుమారు నాలుగవ వంతు వాడుకొని మిగిలినది తిప్పి పంపును. అవసరమైనప్పుడు అందులోనుండి మరికొంత తీసికొనుటకు వీలున్నది. గుండె ఆ విధముగా దాచుకొన్నది కాదు. అది మొదటినుండియు మూడువంతుల దాక పిండుకొనియే పనిచేయును. కాబట్టి మెట్లెక్కునప్పుడు దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలసినచో దారి యొక్కటే, ఎక్కువ రక్తము రావలెను. ఆరోగ్యవంతుని ధమనులు వ్యాకోచించి నాలుగైదు రెట్లు రక్తమును తేగలవు. ధమని ఇరుకైనచో తేలేవు.

గోదావరి, కృష్ణా డెల్టాల శ్రోతలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కాలువలో పూడిక పడినప్పుడు ఏడాది పొడుగున నష్టము కానరాదు. నీటి అవసరము తక్కువగా నున్న నెలలలో ఆ సన్నని పారుదలయే చాలును. నాట్లు పడి అందరును ఒక్కమారు నీరు కోరినప్పుడు కరవు బయటపడును. అదియు మొదట ఎగువ పొలములకు గాదు, శివారు భూములకు. గుండెలోను ఇంతే. కొరొనరీ ధమనులు గుండె పైతట్టున ప్రాకుచుండగా వాని కొమ్మలు గోడలోనికి దిగును. గోడయొక్క అట్టడుగు పొర ఈ పారుదలకు శివారు భూమి. రక్తము తగ్గినప్పుడు మొదట ఎండునది అదియే. వైద్యులు ఇస్కీమియా అని చెప్పు మాటకు అర్థము ఇంతకుమించి లేదు: కండరము అడిగినంత రక్తమును కాలువ ఈయలేకపోవుట.

మా కేంద్రములో నిలయ విద్వాంసులుగా చాలకాలము పనిచేసి విరమించిన మృదంగ విద్వాంసులొకరు అటుపిమ్మటకూడ రికార్డింగులకు వచ్చుచుండెడివారు. ఇది సుమారు పదేండ్లనాటి మాట. స్టూడియో మేడమీద నుండెను, లిఫ్టు లేదు. ఆయన మృదంగమును భుజమున వేసికొని ఎక్కుచు, మలుపు దాటిన పిదప మూడవ మెట్టుమీద నిలిచిపోయెడివారు. ప్రతిసారి అదే మెట్టు. ఎదమీద ఎవరో పీట వేసికొని కూర్చున్నట్లుండుననియు, ఎడమ దవడ లాగుననియు, రెండు నిమిషములు నిలిచినచో పోవుననియు చెప్పెడివారు. "ఈ మెట్టే నాకు అరుది బాబూ" అని నవ్వెడివారు. అరుది యనగా తాళములో పాట వచ్చి నిలుచు చోటు. ఆ చమత్కారమునకు మేమును నవ్వితిమి.

నవ్వదగిన మాట కాదది. ఏ యంత్రమును లేకుండగనే ఆయన తన వ్యాధిని కొలిచి చూపుచుండిరి. క్రింది మెట్టునుండి ఆ మెట్టు వరకు చేసిన పనికి ఆయన ధమనులు రక్తము తేగలిగెడివి. ఆపై మెట్టుకు చాలెడివి కావు. నిలిచినంతనే గుండె కోరిక తగ్గి, వచ్చు రక్తము సరిపోయెడిది. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోవు ఈ బిగింపునే ఆంజైనా అందురు. దీనిని మొదట స్పష్టముగా వర్ణించినవాడు విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుడు. ఆయన 1768లో లండనులోని వైద్యుల కళాశాలలో చదివిన వ్యాసము 1772లో అచ్చైనది. నడచునప్పుడు, అందులోను భోజనము చేసి ఎత్తెక్కునప్పుడు ఇది వచ్చుననియు, నిలిచినచో మాయమగుననియు ఆయన వ్రాసెను. బిగించుట, ఊపిరాడకుండ చేయుట అను భావముగల లాటిను పదమునుండి పేరు పెట్టెను. ఆ పేరు మాకు చాల సమంజసముగా తోచుచున్నది. ఏలయన, ఈ వ్యాధిగ్రస్తులలో పలువురు తమకు నొప్పి యున్నదనియే ఒప్పుకొనరు. బరువు, బిగువు, మంట, ఊపిరందకపోవుట అని చెప్పుదురు. "గుండెనొప్పి" అను మన మాటలోని నొప్పి అను పదమే వారిని ప్రక్కదారి పట్టించుచున్నది.

హెబర్డెనునకు వ్యాధి తెలిసెను గాని కారణము తెలియలేదు. కారణమును ఊహించినవాడు మశూచి టీకాను కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నర్. ఆయన గురువును మిత్రుడునగు జాన్ హంటర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యునికి ఈ వ్యాధియే యుండెను. శవపరీక్షలలో కొరొనరీ ధమనులు గట్టిపడియుండుట చూచిన జెన్నర్, గురువు మనస్సు నొచ్చునని ఆ సంగతి ప్రకటింపక ఊరకుండెను. తనకు కోపము తెప్పించదలచిన ఏ ధూర్తుని చేతిలోనైనను తన ప్రాణమున్నదని హంటర్ అనుచుండెడివాడట. 1793లో ఆసుపత్రి సభలో వాగ్వాదము జరుగుచుండగనే ఆయన పడి మరణించెను. పరీక్షింపగా జెన్నర్ అనుమానించినట్లే కొరొనరీ ధమనులు రాయివలె నుండెను. మెట్లెక్కుట మాత్రమే శ్రమ కాదు. కోపమును గుండెకు ఎత్తైన మెట్టే.

ఈ బిగింపునకు నాలుక క్రింద పెట్టుకొను మాత్ర మన ఇండ్లలో చాలమందికి పరిచితము. దాని పూర్వులలో నొకటి నైట్రోగ్లిజరిన్; 1879లో విలియం మరెల్ అను వైద్యుడు దానిని ఆంజైనాకు వాడి ఫలితములు ప్రకటించెను. అదే పదార్థముతో డైనమైటు చేసి కోటీశ్వరుడైన ఆల్ఫ్రెడ్ నోబెలునకు తన చివరి రోజులలో వైద్యులు దానినే మందుగా వ్రాసియిచ్చిరి. ఆ మాత్ర నాళములను సడలించి గుండెకు బరువు తగ్గించును, కొరొనరీ ధమనులను కొంత వెడల్పు చేయును. రక్తపోటు ఒక్కసారిగా దిగి కన్నులు తిరుగవచ్చును గనుక కూర్చుండియే వాడవలెను. మరియొకరికి వ్రాసిన మాత్రను అడిగి పుచ్చుకొనుట మంచిది కాదు.

ఇంతవరకు పూడిక ఉపమానము చెల్లినది. ఇకమీద అది సగము నిజమే. ఈ రెండవ సగము తెలియకనే అనేకులు మోసపోవుచున్నారు.

గొట్టములో మడ్డి పేరుకొన్నట్లు కొవ్వు ధమనిలో పేరుకొనదు. అది గోడ లోపల, పూతక్రింద పుట్టు కురుపువంటిది. రక్తములోని చెడు కొలెస్టరాలు ధమని లోపలిపొరను దాటి గోడలో చేరును. దానిని తొలగింప వచ్చిన తెల్లకణములు దానినే మ్రింగి ఉబ్బి అక్కడనే మిగిలిపోవును. పైన నారపొర మూతవలె ఏర్పడును. ఈ ప్రక్రియ యౌవనములోనే మొదలై పదుల ఏండ్లు నడచును. పొగాకు, రక్తపోటు, మధుమేహము దానిని త్వరపెట్టును. చాలకాలము ధమని బయటి వైపునకు ఉబ్బి దారిని కాపాడుకొనును. కావున మనిషికి ఏమియు తెలియదు. ఒకనాడు ఆ మూత పగులును. లోపలి పదార్థము తగిలినంతనే రక్తము, వ్రేలు తెగినప్పుడు గడ్డకట్టినట్లే, అక్కడ గడ్డకట్టును. గాయమును మాన్పుటకు పుట్టిన గుణమే ఇచ్చట ప్రాణాంతకమగుచున్నది. నిమిషములలో ధమని మూసుకొనిపోవును. ఇది పూడిక కాదు, గట్టు తెగి కాలువకు అడ్డుపడుట. గుండెపోటనునది ఇదియే.

పగులు మూతలన్నియు పెద్ద కురుపులవి కావు. దారిని సగమైన మూయని కురుపు సైతము పగులవచ్చును. అందుచేతనే "నిన్నటిదాక నిక్షేపముగా నుండెను, మొన్న పరీక్షలో అంతయు బాగున్నదనిరి" అను మాట మనము ఇన్నిసార్లు వినుచున్నాము. శ్రమ పరీక్ష ఇరుకును చూపగలదు. ఎప్పుడు ఏ మూత పగులునో చెప్పజాలదు.

ధమని మూసుకొనిన వెంటనే మనిషి మరణించునని వైద్యులు సైతము చాలకాలము తలచిరి. 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, అట్లు కాదనియు, అనేకులు గంటలు, రోజులు జీవింతురనియు, కొందరు కోలుకొందురనియు నిరూపించెను. అప్పుడాయన మాటను పట్టించుకొన్నవారు తక్కువ. కాని నేటి చికిత్స అంతయు ఆ ఒక్క సంగతిమీద నిలిచియున్నది. కండరము ఒక్కసారిగా చావదు. రక్తము పూర్తిగా ఆగిన సుమారు అరగంటకు శివారు పొర చచ్చుట మొదలిడును. అక్కడినుండి చావు గోడవెంట బయటివైపునకు గంటగంటకు వ్యాపించును. ఆరు, పండ్రెండు గంటలు గడచునప్పటికి కాపాడుటకు మిగులునది స్వల్పము. చచ్చిన గుండెకండరము తిరిగి మొలవదు. దాని స్థానమున మచ్చ మాత్రమే ఏర్పడును.

మా విద్వాంసుల విషయములో ఆ గంటలు ఎట్లు పోయెనో చెప్పవలసియున్నది.

ఆనాడు ఉదయము ఎనిమిదిన్నరకు రికార్డింగు. ఆయన ఎప్పటి మెట్టుమీద నిలిచిరి గాని బిగింపు తగ్గలేదు. పైకి వచ్చి కూర్చుండిరి. మొగము పాలిపోయి, నుదుట చెమట పట్టియుండెను, అది ఏ.సి. గది. వాంతి వచ్చునట్లున్నదనిరి. "గురువుగారూ, వైద్యుని పిలువమందురా?" అని అడిగితిమి. "ఏమీ లేదు బాబూ, రాత్రి పెసరట్టు తిన్నాను. వాయువు" అనిరి. మేము నమ్మితిమి. నమ్ముటయే గాదు, నిమ్మకాయ సోడా తెప్పించితిమి. గాయకురాలు పొరుగూరినుండి వచ్చియుండెను, స్టూడియో మరల దొరకదు, ఒక్క కీర్తన ముగించి పోదమను ఆలోచన మాది. సోడా త్రాగిన పిదప త్రేనుపు వచ్చినది. "చూచితిరా, వాయువే" అనుకొంటిమి. ఆయన ఆ స్థితిలో ఒక కీర్తనకు, ఆపై మరియొకదానికి వాయించిరి. పదకొండున్నరకు చేయి ఎత్తలేకపోయిరి. ఆసుపత్రికి చేరునప్పటికి పండ్రెండు దాటినది. గడ్డ కరగు మందు ఇచ్చిరి, బ్రతికిరి. కాని గుండె ముందుగోడలో పెద్దభాగము పోయినది. మూడున్నర గంటలు. అందులో మూడు గంటలు మా ఎదుటనే గడచినవి. ఆ రెండు కీర్తనల టేపు మావద్ద నున్నది. అది విన్నవారికి వాయింపులో ఏ లోపమును కానరాదు.

త్రేనుపు వచ్చుటయు, సోడాతో కొంత హాయి తోచుటయు ఏమియు నిరూపింపవు. గుండెకును అన్నాశయమునకును సంబంధించిన నాడులు మెదడునకు వార్త చేర్చు దారులు చాలవరకు ఒక్కటే. గుండె ఆపద పొట్టలో మంటగా, వికారముగా తోచుట అందువలననే. దవడ, మెడ, భుజము, చేయి, వీపు లాగుటకును అదియే కారణము. కావున మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: ఇంటిలో కూర్చుండి ఎవరును నిశ్చయముగా తేల్చలేరు, తేల్చవలసిన పనియు లేదు. వ్రేలితో ఒక చోటు చూపి "ఇక్కడ పొడుచుచున్నది" అనునది, ప్రక్కకు తిరిగినప్పుడో, ఊపిరి పీల్చినప్పుడో, నొక్కినప్పుడో హెచ్చునది గుండెది కాకపోవుటయే ఎక్కువ. అరచేయి పరచి, లేదా పిడికిలి బిగించి ఎదనడుమ పెట్టి చూపునది, చెమటతోను వికారముతోను కూడినది, విశ్రాంతి తీసికొన్నను పది పదిహేను నిమిషములలో పోనిది గుండెదేయని తలచి కదలవలెను. పొరబాటైనచో ఒక పూట వృథా యగును. అంతే.

ఇంకొక మాట. పాఠ్యగ్రంథములలోని ఈ చిత్రము ఎక్కువగా పురుషులను చూచి వ్రాసినది. స్త్రీలలోను ఎదబిగింపు వచ్చును గాని, దానితోపాటు, లేదా దానికి బదులుగా, ఆయాసము, చెప్పరాని అలసట, వీపునొప్పి, వికారము ఎక్కువగా కనబడును. మన ఇండ్లలో గృహిణి "నీరసముగా నున్నది" అనినచో వినువారెవరు? ఆమె చెప్పుటయే అరుదు. మధుమేహమున్నవారిలో నాడులు దెబ్బతిని నొప్పియే తెలియకపోవచ్చును. అట్టివారికి హఠాత్తుగా వచ్చిన ఆయాసము, చెమట చాలిన హెచ్చరిక.

కదలుట యనగా ఏమి? 108కి ఫోను చేయుట. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నది. రోగి తాను స్కూటరు నడుపుకొని పోరాదు. మెట్లు దిగి బస్సుస్టాండునకు నడువరాదు. గోడకో దిండ్లకో ఆనుకొని కూర్చుండవలెను. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావపు జబ్బులున్నవారు కానిచో, ఫోనులో వైద్యుడో 108 వారో చెప్పినప్పుడు ఒక ఆస్పిరిన్ మాత్ర నమిలి మ్రింగవలెను. ఈ చవుకైన మాత్ర విలువ 17 వేలమందికి పైగా రోగులపై జరిపి 1988లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. గుండెపోటు తొలిగంటలలో ఇచ్చి నెలరోజులు కొనసాగించినచో మరణములు సుమారు నాలుగింట ఒక వంతు తగ్గెను. ఐతే ఏ జబ్బును లేనివారు ఎందుకైన మంచిదని దానిని రోజును మ్రింగుట వేరు సంగతి. అందులో రక్తస్రావపు అపాయమున్నది.

ఆసుపత్రిలో మొదటి ఇ.సి.జి. బాగున్నంత మాత్రమున ఇంటికి తిరుగరాదు. తొలి నిమిషములలో అది మామూలుగనే యుండవచ్చును. మరల తీయుదురు, దెబ్బతిన్న కండరమునుండి రక్తములోనికి వచ్చు ట్రోపోనిన్ అను పదార్థమును కొన్ని గంటల ఎడముతో కొలుతురు. ధమని పూర్తిగా మూసికొన్నట్లు తేలినచో గడ్డను కరగించు సూది వేయుటయో, సన్నని గొట్టము పోనిచ్చి బెలూనుతో దారి తెరచుటయో చేయుదురు. ఆ వసతి దగ్గరలో నున్నచో రెండవదే మేలు. దూరమైనచో సూదికి ఆలస్యము చేయరాదు.

ఒక్కొక్కప్పుడు మొదటి గంటలోనే గుండె లయ తప్పి, కొట్టుకొనుటకు బదులు వణకుట మొదలిడును. మనిషి కుప్పకూలును, పిలిచిన పలుకడు, ఊపిరి సరిగా నుండదు. అప్పుడు 108కి చెప్పి, ఎదయెముక నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి ఉంచి, అయిదు సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, నిమిషమునకు 100 నుండి 120 మార్లు అదుముచుండవలెను. సాయము వచ్చువరకు ఆపరాదు. ఎముక విరుగునేమోయను భయముతో చేతులు కట్టుకొని నిలుచుటకంటె ఎముక విరుగుటయే నయము.

ఇది పట్టణపు ధనికుల జబ్బని తలచు శ్రోతలు నేటికిని గలరు. 2003, 2004 సంవత్సరములలో గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, చనిపోయినవారి ఇండ్లకు పోయి కారణములు విచారింపగా, మరణములలో సుమారు మూడవ వంతు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే అని తేలెను. పచ్చని పొలముల నడుమనున్న పల్లెలు అవి! 52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన మరియొక పరిశోధనలో తొలి గుండెపోటునకు గురియైన దక్షిణాసియా వాసుల మధ్యస్థ వయస్సు సుమారు 53 ఏండ్లుగా నుండగా, తక్కిన దేశముల వారిది సుమారు 59. కుటుంబమును పోషించు ఆరేండ్లు అవి. ఆ పరిశోధనయే, ఈ ఆపదలో సుమారు తొంబది పాళ్ళు మనము కొలువదగిన, మార్చుకొనదగిన తొమ్మిది విషయములతో ముడిపడియున్నదనియు చెప్పినది. పొగాకు, కొలెస్టరాలు వానిలో ముందువరుసవి. రక్తపోటు, మధుమేహము, బొజ్జ, మనోవ్యథ తరువాతివి. కూరలు పండ్లు తినకపోవుట, నడక లేకపోవుటకూడ అందులోనివే.

నడక మాట వచ్చినది గనుక లండను బస్సుల సంగతి చెప్పక తప్పదు. 1953లో జెర్రీ మారిస్ అను వైద్యుడు అక్కడి రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించెను. ఒకే సంస్థ, ఒకే బస్సు. రోజంతయు కూర్చుండు డ్రైవరులకంటె, టిక్కెట్లకై మెట్లు ఎక్కి దిగు కండక్టరులకు గుండెజబ్బు తక్కువ. వచ్చినను అంత తీవ్రము కాదు. అట్టి బస్సులు మన హైదరాబాదులోను చాలకాలము తిరిగినవి. హెబర్డెన్ సైతము, రోజు అరగంట కట్టెలు కోయుచు ఆంజైనా చాలవరకు పోగొట్టుకొన్న యొక రోగిని గూర్చి వ్రాసియున్నాడు. ఐతే బిగింపు వచ్చువారు వైద్యుని అడుగకుండ గొడ్డలి పట్టరాదని మా మనవి.

మందులలో కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్లు ముఖ్యమైనవి. వీనికి మూలపురుషుడు జపానుకు చెందిన అకిరా ఎండో. 1973లో ఆయన కనుగొన్న తొలి స్టాటిన్, క్యోటో నగరపు ధాన్యపు కొట్టులోని బియ్యముపై పట్టిన బూజునుండి వచ్చినది. బెలూను చికిత్సను 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ప్రారంభించెను. తెరచిన దారిని నిలబెట్టు స్టెంటు అను తీగెవల 1986లో వచ్చినది. కాలి సిరను తీసి ప్రక్కదారి కుట్టు బైపాసును అర్జెంటీనాకు చెందిన ఫవలోరో 1967లో అమెరికాలో స్థిరపరచెను. హైదరాబాదులో హృద్రోగ నిపుణులు సోమరాజుగారును, అబ్దుల్ కలాంగారును కలిసి 1990 దశకములో తక్కువ ధర స్టెంటు చేయించిరి. 2007లో ఉమ్మడి రాష్ట్రమున వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు ఈ శస్త్రచికిత్సల తలుపు తెరచినది. 2017 ఫిబ్రవరిలో కేంద్రము మందుపూత స్టెంటునకు 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించినది. అంతకుముందు దానికి లక్షకు పైగా చెల్లించి పొలములు అమ్ముకొన్న కుటుంబములు గలవు.

స్టెంటు వేసినంతనే జబ్బు పోయినదని మాత్రలు మానివేయువారు చాలమంది. ఇది మిక్కిలి అపాయకరము. స్టెంటు ఒక్క చోట దారి తెరచును; గోడలోని జబ్బు తక్కిన చోట్ల అట్లే యుండును. మందు మానినచో స్టెంటులోనే గడ్డ కట్టవచ్చును.

మా విద్వాంసులు ఇప్పుడు కచేరీలు చేయుట లేదు. ఇంటివద్ద ఇద్దరు పిల్లలకు పాఠము చెప్పుదురు. వీధి చివరిదాక రెండు విడతలుగా నడతురు. మాత్రల సీసా మృదంగపు గవిసెన జేబులో ఉండును. మరచిపోకుండుటకు అదే సరియైన చోటని ఆయన అభిప్రాయము. మొన్న సంక్రాంతికి మేము చూడబోయినప్పుడు ఒక సంగతి చెప్పిరి. పల్లెలో నున్న ఆయన అక్కగారు, డెబ్బది యేండ్ల ఆమె, ఫోనులో మాటల నడుమ "ముగ్గు వేయుటకు వంగితే ఆయాసం వస్తోందిరా, ఇవాళ మరీ చెమటలు పోస్తున్నాయి, వయసు కదా" అనినదట. "నొప్పి ఉన్నదా అక్కా?" అని అడుగగా "నొప్పేమీ లేదు, దవడ లాగుతోంది" అనినదట. ఆయన ఫోను పెట్టివేసి, మొదట 108కి, తరువాత ప్రక్కింటివారికి చేసిరి. బండి ఎక్కుటకు ఆమె ఒప్పుకొనలేదట. పొయ్యిమీద పాలున్నవనినదట. ప్రక్కింటి కోడలు పొయ్యి ఆర్పి, చేయి పట్టుకొని ఎక్కించినది. ఫోను పెట్టినప్పటినుండి సూది వేయువరకు గంటా పది నిమిషములు పట్టినదని ఆయన లెక్క చెప్పిరి. లోపలి గదిలోనుండి ఆ అక్కగారే వచ్చి మాకు కాఫీ ఇచ్చినది. పాలు విరిగిపోయినవని ఇప్పటికిని తమ్ముని దెప్పుచున్నది.